చాంపియన్‌షిప్ సీజన్ మధ్యలో బక్కచిక్కిపోయిన డిఫెన్స్‌మన్: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో అరుదైన జబ్బు లేదు, కొత్త మందూ లేదు. ఐస్ హాకీ ఆడే పదిహేడేళ్ళ కుర్రాడు సీజన్ నడుస్తుండగా బరువు తగ్గిపోయాడు, అందరూ తలో కారణం చెప్పారు, అసలు కారణం మాత్రం అతను ఉంటున్న ఇంటి వంటగదిలోనూ జట్టు బస్సులోనూ దొరికింది. నేను కెనడాలో స్పోర్ట్స్ డైటీషియన్‌గా పనిచేస్తాను. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి జూనియర్ డైటీషియన్లు మెసేజ్ పెట్టి అడిగేది ఎక్కువగా ప్రోటీన్ గురించే, ఎన్ని గ్రాములు, ఏ పౌడర్ అని. వాళ్ళకోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

కుర్రాడి అనుమతీ అతని తల్లిదండ్రుల అనుమతీ తీసుకున్నాను. ఏ లీగో, ఏ ఊరో, ఏ ఏడాదో చెప్పను. కొన్ని వివరాలు మార్చాను, కానీ నిర్ణయాలు తీసుకోవడానికి ఆధారమైన అంకెల్లో తేడా రానివ్వలేదు.

ముందు ఈ ఆట సంగతి

మన దగ్గర హాకీ అంటే టర్ఫ్ మీద ఆడేది కాబట్టి ఈ ప్రపంచం గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కెనడాలో మేజర్ జూనియర్ హాకీ 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళ ఆట. పశ్చిమాన డబ్ల్యూహెచ్‌ఎల్, ఆంటారియోలో ఓహెచ్‌ఎల్, క్యుబెక్ వైపు క్యూఎంజేహెచ్‌ఎల్ అని మూడు లీగ్‌లు, మూడింటికీ పైన సీహెచ్‌ఎల్ అనే సంస్థ. మొదటి రెండింటిలో ఒక్కో జట్టు సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా 68 ఆటలు ఆడుతుంది. ఆ తర్వాత ప్లేఆఫ్స్, నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండ్‌లో ఏడు ఆటల్లో ముందుగా నాలుగు గెలిచినవాళ్ళు పైకి వెళ్తారు. అంటే లీగ్ కప్పు కొట్టాలంటే 16 ఆటలు గెలవాలి, అందుకు 28 దాకా ఆడాల్సి రావచ్చు. అక్కడితోనూ అయిపోదు, మూడు లీగ్‌ల విజేతలూ ఆతిథ్యమిచ్చే జట్టూ కలిసి మెమోరియల్ కప్ ఆడతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడియన్ల జ్ఞాపకార్థం 1919లో మొదలైన కప్పు అది, ఇక్కడి పిల్లలకు అదంటే ప్రాణం.

ఆట 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. ఒక్కొక్కరూ మంచు మీదికి వెళ్ళి ముప్పావు నిమిషం పాటు ఒళ్ళు దాచుకోకుండా ఆడి, వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చుని, మళ్ళీ వెళ్తారు. దీన్ని షిఫ్ట్ అంటారు. గోల్ పడకుండా వెనక కాచే ఆటగాణ్ణి డిఫెన్స్‌మన్ అంటారు, మంచి డిఫెన్స్‌మన్ ఒక ఆటలో మొత్తం మీద 20 నిమిషాల పైనే మంచు మీద ఉంటాడు. ఇలాంటి ఆటకు ఇంధనం ప్రధానంగా కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే మనం తిన్న అన్నం, రొట్టె, పాస్తా. ఒకసారి ఖాళీ అయితే బాగా తిన్నా నిండడానికి ఒక రోజు పడుతుంది. ఈ లీగ్‌లలో శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం వరసగా మూడు ఆటలు పడే వారాంతాలు ఉంటాయి, మధ్యలో బస్సు ప్రయాణాలు. నిండే టైమే లేదు.

ఇంకొక్క సంగతి. ఈ పిల్లల్లో చాలామంది 16 ఏళ్ళకే ఇల్లు వదిలి జట్టు ఉన్న ఊరికి వస్తారు. హాస్టళ్ళు ఉండవు. ఆ ఊళ్ళో ఏదో ఒక కుటుంబం తమ ఇంట్లో ఒక గది ఇచ్చి, తిండి పెట్టి చూసుకుంటుంది. బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. క్లబ్ నెలకు ఇంతని ఆ కుటుంబానికి ఇస్తుంది, పెద్ద మొత్తమేమీ కాదు. వాళ్ళు చేసేది డబ్బు కోసం కూడా కాదు, హాకీ మీద ప్రేమతోనే చేస్తారు. పొద్దున స్కూలు, మధ్యాహ్నం ప్రాక్టీసు, సాయంత్రం బిల్లెట్ ఇల్లు.

కుర్రాడు ఎందుకు నా దగ్గరికి వచ్చాడు

ఆ జట్టు ఆ ఏడాది కప్పు మీదే కన్నేసింది. జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడానికి జనవరి మొదట్లో ఆఖరి గడువు (ట్రేడ్ డెడ్‌లైన్) ఉంటుంది, ఆలోపు రాబోయే సంవత్సరాల్లో కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే హక్కులు (డ్రాఫ్ట్ పిక్‌లు) ఇచ్చేసి ఇద్దరు సీనియర్లను తెచ్చుకున్నారు. అంటే భవిష్యత్తును తాకట్టు పెట్టారు, ఇక గెలవాల్సిందే. కోచ్ దగ్గర్నుంచి స్కేట్లకు సాన పట్టే మనిషి దాకా అందరికీ టెన్షనే.

మన కుర్రాడు డిఫెన్స్‌మన్, ఈ లీగ్‌లో మొదటి సంవత్సరం, వయసు 17. ఆ వేసవిలో ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఉండాల్సినవాడు. ప్రతి ఆటకూ ఆ జట్ల తరఫున ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు వచ్చి స్టాండ్స్‌లో కూర్చుని నోట్స్ రాసుకుంటారు. ఆగస్టు చివర క్యాంపులో అతని బరువు 86.4 కిలోలు. జనవరి మధ్యకు 80.7. అంటే 5.7 కిలోలు, దాదాపు 6.6 శాతం పోయింది. దానికి తోడు క్రిస్మస్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి జలుబులు, ఒక్కోటీ రెండు వారాలు వదల్లేదు. నిలువుగా ఎగిరే టెస్టులో ఎత్తు తగ్గింది. మూడో పీరియడ్‌లో కాళ్ళు కదలడం లేదని కోచ్ ఫిర్యాదు: మూలలోకి పడ్డ పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కోసం పరుగులో రెండడుగులు వెనకపడుతున్నాడు, ఎదుటి ఫార్వర్డ్ మీదికొస్తుంటే దూరం పాటించలేక ముందే వెనక్కి తగ్గిపోతున్నాడు.

కోచ్ మాటల్లో అయితే కుర్రాడు "మెత్తబడ్డాడు". స్ట్రెంగ్త్ కోచ్ ఫిట్‌నెస్ చాలదన్నాడు, ప్రాక్టీసు అయ్యాక వారానికి మూడు రోజులు సైకిల్ మీద ఇంటర్వల్స్ వేశాడు. ట్రైనర్ వే ప్రోటీన్ షేక్ మొదలుపెట్టాడు. నాకు వచ్చిన రిఫరల్‌లో ఒకటే వాక్యం: ప్రోటీన్ పెంచి బరువు పెంచండి.

ముందు జబ్బు కాదని తేల్చుకోవాలి

టీనేజీ కుర్రాడు నీరసపడి బరువు తగ్గితే డైటీషియన్ మొదట చేయాల్సిన పని డైట్ చార్ట్ రాయడం కాదు. టైప్ 1 డయాబెటిస్ ఇలాగే వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. మోనో అనే వైరల్ జ్వరం ఈ వయసులో మామూలు, అందులో ప్లీహం ఉబ్బుతుంది, ఒంటిని ఢీకొట్టే ఆటలో అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. గోధుమ పడని సీలియాక్ ఉండొచ్చు. డిప్రెషన్ ఉండొచ్చు. ఇవేవీ చూడకుండా షేకుల లెక్క వేయడం నాకు నచ్చదు, అందుకే రిఫరల్‌ను ముందు టీమ్ డాక్టర్ దగ్గరికి తిప్పాను.

బ్లడ్ షుగర్ మామూలే. థైరాయిడ్ టెస్టుల్లో టీఎస్‌హెచ్ మామూలే, కానీ టీ3 కింది అంచులో ఉంది. మోనో లేదు, సీలియాక్ లేదు. హిమోగ్లోబిన్ బాగుంది కానీ ఫెరిటిన్ 22, అంటే ఐరన్ నిల్వలు అడుగంటుతున్నాయి. విటమిన్ డి తక్కువ, ఇక్కడి చలికాలంలో అది ఆశ్చర్యమేమీ కాదు. పొద్దుటి టెస్టోస్టెరాన్ వయసుకు ఉండాల్సినదానికన్నా తక్కువ.

ఈ చివరి ముక్క, ఆ టీ3, తరచూ జలుబులు, తగ్గిన ఎగురు, అన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు కనిపించింది రెడ్-ఎస్ (రిలేటివ్ ఎనర్జీ డెఫిషియెన్సీ ఇన్ స్పోర్ట్). అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ పేరు పెట్టారు, 2023లో తాజా చేశారు. విషయం సూటిగా చెప్పాలంటే, ఆటకు ఖర్చయ్యేది పోగా మిగిలిన శక్తి ఒంటి పనులకు చాలకపోతే ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. హార్మోన్లు తగ్గిస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గిస్తుంది, కండ పెంచడం ఆపేస్తుంది. ఇది అమ్మాయిల సమస్యే అని చాలా ఏళ్ళు అనుకున్నారు. మగపిల్లల్లో నెలసరి ఆగడంలాంటి గుర్తు ఉండదు కాబట్టి కనిపెట్టడం ఆలస్యమవుతుంది, అంతే తేడా.

కావాలని తక్కువ తింటున్నాడా అని కూడా చూశాను. ఒంటి ఆకారం గురించిన బెంగ ఏమీ లేదు, లావెక్కాలనే కోరిక. పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పౌచ్‌లు వాడుతున్నావా అని అడిగితే కాసేపు ఆగి, రోజుకు నాలుగైదు అన్నాడు. హాకీ డ్రెస్సింగ్ రూముల్లో నికోటిన్ పాత అలవాటే, ఆకలిని చంపుతుంది. రాసుకున్నాను కానీ అదే అసలు కారణం అనుకోలేదు, అతనికన్నా ఎక్కువ వాడే సీనియర్లు దిట్టంగానే ఉన్నారు.

ఒక లెక్క చెప్తాను, నాకు ఈ కేసులో బాగా పనికొచ్చింది ఇదే. పోయిన బరువులో కొవ్వు సగం, కండ సగం అనుకుంటే, ఆ ఇరవై వారాల మీద పరిస్తే సగటు లోటు రోజుకు 200 నుంచి 250 క్యాలరీలే. రెండు చపాతీలు, ఒక చిన్న గ్లాసు పాలు. ఒళ్ళు పొదుపు చేసుకుంది కాబట్టి అసలు లోటు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, అయినా ఇది ఆకలితో మాడుతున్న మనిషి లెక్క కాదు. రోజూ భోజనాల్లో ఎక్కడో ఒకచోట, లేదా వారంలో కొన్ని రోజుల్లో, ఒక పూట జారిపోతోంది. ఆ పూట ఏదో పట్టుకోవాలి.

పనిచేయనివి

సైకిల్ ఇంటర్వల్స్ ఎందుకు చెడగొట్టాయో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. లోటులో ఉన్నవాడి చేత ఇంకా ఖర్చు పెట్టించారు.

షేక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉపాయం మన దగ్గరా చాలా చోట్ల నడుస్తోంది. ప్రాక్టీసు నాలుగున్నరకు అయిపోతుంది, వెంటనే రెండు స్కూపుల షేక్. బిల్లెట్ ఇంట్లో రాత్రి భోజనం ఐదున్నరకు, ఇక్కడి కుటుంబాల్లో అది మామూలు టైమే. షేక్‌తో కడుపు నిండినవాడు ఐదున్నరకు సగం ప్లేటు తిని లేస్తాడు. షేక్ తెచ్చినవి 250 క్యాలరీలు, భోజనంలో పోగొట్టినవి 400. పైగా అతనికి ప్రోటీన్ మొదటి నుంచీ తక్కువ కాలేదు, తక్కువైంది పిండిపదార్థం.

నేను మొదట వేసిన ప్లాన్ రోజుకు 4,200 క్యాలరీలది, ఆట ఉన్న రోజుల్లో కిలో బరువుకు 7 గ్రాముల కార్బోహైడ్రేట్. తిన్న ప్రతిదీ ఫోన్‌లో ఫొటో తీసి పంపమన్నాను. ఫొటోలు చక్కగా వచ్చాయి, ప్లేట్లు నిండుగా ఉన్నాయి, అంకెలు దగ్గర దగ్గరగా సరిపోయాయి. బరువు మాత్రం కదల్లేదు.

తర్వాత ఒక సోమవారం ఉన్నట్టుండి కిలోన్నర పెరిగాడు. కోచ్‌కు సంతోషం. నాకు అనుమానం, ఎందుకంటే రెండు రోజుల్లో కిలోన్నర కండ ఎవరికీ రాదు. ఆ పొద్దుటి మూత్రం చూస్తే స్పెసిఫిక్ గ్రావిటీ 1.003, దాదాపు ఉత్త నీళ్ళు. తూకానికి ముందు రెండు బాటిళ్ళ నీళ్ళు తాగేశాడు. ఆ క్లబ్‌లో వారం వారం అందరి బరువులూ డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద రాస్తారు, అతని పేరు పక్కన తగ్గుతూ వచ్చిన అంకెలు అందరికీ కనిపిస్తున్నాయి. నేను అతన్నేమీ అనలేదు. గోడ మీద కాగితం తీసేయమని మేనేజ్‌మెంట్‌ను అడిగాను, ఇకనుంచి అతని తూకం నేనూ అతనూ ఉన్నప్పుడే అన్నాను. గోడ మీద అంకెలు ఎవర్నైనా లావు చేస్తాయని నేనెప్పుడూ నమ్మలేదు, దాని వల్ల తప్పుడు అంకెలు మాత్రం బాగా వస్తాయి.

నీళ్ళు తాగినవాడు అబద్ధాలకోరు అనుకుంటే తేలికే. నేను వేరేలా చూశాను. ఇంత తాపత్రయపడేవాడు, తిండి ఎదురుగా ఉంటే తినడా? అందుబాటులో లేకే తినడం లేదేమో. అప్పుడు ఫొటోల్లో ప్లేట్లు కాకుండా టైములు చూడడం మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న రోజుల్లో సాయంత్రం ఐదున్నర ఫొటో తర్వాత మళ్ళీ ఫొటో మర్నాడు పొద్దున ఏడున్నరకు. పద్నాలుగు గంటలు. బయటి ఊళ్ళో ఆట ఉన్న రోజు మధ్యాహ్నం ఒకటిన్నరకు పాస్తా, రాత్రి ఏడుకు ఆట, పదింటికి ముగింపు, ఆ తర్వాత బస్సులో ఒక పిజ్జా ముక్క ఫొటో. ఒకటే ముక్క.

ఆ ఇల్లు, ఆ బస్సు

క్లబ్ ద్వారా అడిగి, కుర్రాడికి చెప్పి, బిల్లెట్ ఇంటికి వెళ్ళాను. మంచి కుటుంబం. ఇద్దరు చిన్నపిల్లలు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే తల్లిదండ్రులు. ఫ్రిజ్ తీసి చూపించమంటే ఆవిడ నవ్వుతూ తీసింది. పై అరలో పిల్లల లంచ్ డబ్బాలు, ఒక్కోదానికీ పేరు స్టిక్కరు. పెరుగు కప్పులు వారానికి సరిపడా వరసగా పేర్చి ఉన్నాయి, రోజుకు రెండు. చీజ్ స్టిక్కులు, ద్రాక్ష, అన్నీ చిన్న చిన్న సంచుల్లో కట్టి. ఆ ఫ్రిజ్‌లో ఎవరిదీ కానిది ఏదీ నాకు కనపడలేదు.

"వచ్చిన మొదటి రోజే చెప్పాం, నీకేం కావాలన్నా తీసుకో అని," అంది ఆవిడ. "పెద్దగా తినడు. హాకీ పిల్లలకు ఏదో డైట్ ఉంటుందేమో అనుకున్నాం."

తర్వాత కుర్రాణ్ణి విడిగా అడిగాను, రాత్రి ఆకలేస్తే ఏం చేస్తావని. నీళ్ళు తాగుతానన్నాడు. ఫ్రిజ్ తీయొచ్చు కదా అంటే, "తలుపు తీస్తే చప్పుడవుతుందండీ, పిల్లల గది పక్కనే. అయినా అవన్నీ వాళ్ళవి." భోజనం దగ్గర రెండోసారి వడ్డించుకోవాలన్నా పిల్లలు తిన్నాక ఏమైనా మిగిలితేనే. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుందట, ఎందుకో తెలీదన్నాడు.

చుట్టాల ఇంట్లో ఉండి ఇంటర్ చదివినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పిన్ని ఎంత ప్రేమగా పెట్టినా రెండోసారి పెరుగన్నం అడగడానికి నోరు రాదు. ఆ కుర్రాడికి తెలుగు రాకపోయినా అతని మొహమాటం నాకు బాగా తెలిసిన మొహమాటమే.

బస్సు సంగతి పరికరాలు చూసుకునే అతను చెప్పాడు. జట్టు బస్సులో సీనియర్లు వెనక సీట్లలో, కొత్తవాళ్ళు ముందు, ఇద్దరికి ఒక సీటు. ఆట అయ్యాక పిజ్జా డబ్బాలు ఎక్కిస్తే అవి మొదట వెనక్కి వెళ్తాయి, తర్వాత ముందుకు వస్తాయి. వచ్చేసరికి మిగిలేది తెలిసిందే. కొత్తవాళ్ళు అప్పటికి సామాన్లు లోడ్ చేసే పనిలో ఉంటారు కూడా. గెలిచిన రాత్రి అందరికీ ఆకలి ఎక్కువ, ఆ ఏడాది వాళ్ళు చాలా ఆటలు గెలిచారు.

ఏం చేశాం, ఎందుకు అలా చేశాం

"మొహమాటపడకు, అడిగి తిను" అని చెప్పడం అందరికీ మొదట తోచే సలహా. నేనది చెప్పలేదు. మొహమాటం ఉన్నవాడికి మొహమాటపడవద్దని చెప్తే ఇంకొకటి తోడవుతుంది. అడగాల్సిన అవసరమే లేకుండా ఏర్పాటు ఉండాలనుకున్నాను. బిల్లెట్ కుటుంబాన్ని మార్చే మాట కూడా వచ్చింది, మేనేజర్ సిద్ధంగానే ఉన్నాడు. వద్దన్నాను. అక్కడ అతనికి ప్రేమ దొరుకుతోంది, సీజన్ మధ్యలో ఇల్లు మారిస్తే ఇంకో ఇంట్లో మళ్ళీ మొదటి రోజు మొహమాటమే.

బేస్‌మెంట్‌లో అతని గదిలోనే ఒక చిన్న ఫ్రిజ్, ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టించాం. ఖర్చు క్లబ్‌ది, కిరాణాకు విడిగా కార్డు ఇచ్చారు. సామాను బిల్లెట్ అమ్మే తెస్తుంది: పాలు, బ్రెడ్, పీనట్ బటర్, సీరియల్, అరటిపళ్ళు, పెరుగు, మాకరోనీ. నిద్రకు ముందు ఒక పూట, 600 నుంచి 700 క్యాలరీలు. షరతు ఏమిటంటే ఆదివారం రాత్రికి డబ్బా ఖాళీ కావాలి, మిగిలితే ఆవిడ నాకు చెప్తుంది. దీనివల్ల తినడం అతనికి ఉపకారం పొందడంలా కాక అప్పగించిన పనిలా అయింది, హాకీ పిల్లలు అప్పగించిన పని చేయడంలో దిట్టలు. ఆవిడకు కూడా ఊరట, తను సరిగా పెట్టలేదేమో అని లోపల బాధపడుతోందని తర్వాత తెలిసింది.

బస్సులో ఎవరు ముందు, ఎవరు వెనక అనేదాని జోలికి వెళ్ళలేదు. ఆ ఆచారం నాకు నచ్చదు, అది వేరే విషయం, కానీ ప్లేఆఫ్స్ ముందు పెట్టుకునే పోట్లాట కాదు. తిండిని మాత్రం దాన్నుంచి బయటికి లాగాం. పిజ్జా డబ్బాల బదులు ఒక్కొక్కరికీ పేరు రాసిన ట్రే, అన్నం లేదా పాస్తా, చికెన్, ఒక చాక్లెట్ పాల బాటిల్, బస్సెక్కక ముందే డ్రెస్సింగ్ రూమ్‌లో చేతికి. ఆట అయిన మొదటి కొన్ని గంటల్లో కిలోకు గంటకు గ్రాము పైచిలుకు కార్బోహైడ్రేట్ పడితే, మర్నాడు ఆట ఉన్నప్పుడు గ్లైకోజెన్ నిండడానికి అదే మంచి టైము. పిజ్జా కన్నా ఖర్చెక్కువ అని ఆఫీసులో గొణిగారు. అతనొక్కడికే పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఒక్కడికే ట్రే ఇస్తే మళ్ళీ గోడ మీద కాగితం పెట్టినట్టే. అందరికీ ఇచ్చారు. రెండు వారాలు పోయాక ట్రే కావాలని ముందుగా అడిగింది వెనక సీటు సీనియర్లే.

కోచ్‌తో మాట్లాడేటప్పుడు టెస్టోస్టెరాన్ సంగతి ఎత్తలేదు, ఆరోగ్య వివరాలు డాక్టర్ దగ్గరే ఉండాలి, పైగా ఆ మాట డ్రెస్సింగ్ రూమ్‌లో ఎలా తిరుగుతుందో ఊహించుకోండి. ఆయనకు కావలసింది మూడో పీరియడ్. అందుకని మూడో పీరియడ్ గురించే మాట్లాడాను: సైకిల్ ఆపండి, వారంలో ఒక ప్రాక్టీసు సగానికి తగ్గించండి, ఆరు వారాల్లో మూడో పీరియడ్ కాళ్ళు చూడండి. పెదవి విరిచాడు, అయినా ఒప్పుకున్నాడు.

డాక్టర్ రోజు విడిచి రోజు ఐరన్ రాశాడు. రోజూ వేసుకుంటే ఒళ్ళు దాన్ని పీల్చుకోవడం తగ్గిస్తుందని, రోజు విడిచి రోజు వేస్తే ఒక్కో మాత్రలో ఎక్కువ భాగం పీల్చుకుంటుందని ఐరన్ తక్కువున్న ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధనల్లో తేలింది, కడుపు నొప్పీ తక్కువ. ఆరెంజ్ జ్యూస్‌తో వేసుకోమన్నాం, పాలతో వద్దన్నాం. విటమిన్ డి కూడా. పౌచ్‌లు పూర్తిగా మానలేదు, భోజనానికి ముందు మానేశాడు. నేను అంతకన్నా పట్టుబట్టలేదు, ఒకేసారి అన్నీ లాక్కుంటే ఏదీ నిలబడదు.

ప్లేఆఫ్స్ దాకా

మొదటి రెండు వారాల్లో బరువు పెద్దగా పెరగలేదు, కానీ మూడింటికి మెలకువ రావడం పోయింది. నాకు అదే మొదటి మంచి గుర్తు. మార్చి చివరకు 83.5 కిలోలు. ఎగురుడు టెస్టు క్యాంపు నాటి అంకెకు దగ్గరగా వచ్చింది. ఏప్రిల్‌లో మళ్ళీ రక్తం చూస్తే ఫెరిటిన్ 39, టెస్టోస్టెరాన్ మామూలు స్థాయికి వచ్చింది. ఆ రెండు నెలల్లో జలుబు ఒక్కసారే చేసింది.

ప్లేఆఫ్స్‌లో ఓవర్‌టైమ్ అంటే ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా 20 నిమిషాల పీరియడ్లు ఒకదాని తర్వాత ఒకటి. దానికి విడిగా ప్లాన్ ఉండాలి. ప్రతి ఇంటర్మిషన్‌లో 30 గ్రాముల కార్బోహైడ్రేట్, జామ్ శాండ్‌విచ్ ముక్కో అరటిపండో స్పోర్ట్స్ డ్రింకో, నచ్చింది. ఓవర్‌టైమ్‌లోకి వెళ్తే పళ్ళేల్లో ఉప్పేసిన ఉడికించిన బంగాళాదుంపలు, తెల్ల అన్నం ముద్దలు. అన్నం ముద్దలు చూసి మొదట నవ్వారు. రెండో ఓవర్‌టైమ్‌లోకి వెళ్ళిన ఒక రాత్రి పళ్ళెం ఖాళీ.

మూడో రౌండ్‌లో మళ్ళీ కిలో పైన తగ్గాడు. ఈసారి వెతుక్కోనక్కర్లేదు, వరసగా హోటళ్ళలో ఉన్నారు, బేస్‌మెంట్ ఫ్రిజ్ ఇంటి దగ్గరుండిపోయింది. అదే డబ్బాను బస్సులో వేసుకున్నాడు. అప్పటికి తనంతట తానే నింపుకుంటున్నాడు.

లీగ్ కప్పు ఆ జట్టే గెలిచింది. తిండి వల్ల గెలిచారని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది, గెలిపించింది గోల్‌కీపర్, జనవరిలో తెచ్చుకున్న ఆ ఇద్దరు సీనియర్లు. మన కుర్రాడు అన్ని రౌండ్లూ ఆడాడు, మూడో పీరియడ్‌లో కూడా ఆడించారు. మెమోరియల్ కప్‌లో ఏమైందో, డ్రాఫ్ట్‌లో ఏమైందో చెబితే మనిషి తెలిసిపోతాడు.

మన దగ్గర ఇలాంటి పిల్లలు

అకాడమీల్లో, స్పోర్ట్స్ హాస్టళ్ళలో పనిచేసేవాళ్ళకు కొన్ని మాటలు. పిల్ల ఏం తింటోంది అని అడిగే ముందు ఆఖరి ముద్ద ఎన్నింటికి, మర్నాటి మొదటి ముద్ద ఎన్నింటికి అని అడగండి. ప్రాక్టీసు ఎప్పుడు అయిపోతుంది, మెస్ ఎప్పుడు మూస్తారు. క్యూలో ఎవరు ముందు, చికెన్ ఎన్నో మనిషి దాకా వస్తుంది. గదిలో ఏమైనా దాచుకునే వీలుందా, వార్డెన్ ఊరుకుంటాడా. ఇంటి నుంచి వచ్చిన సున్నుండల డబ్బా రూమ్మేట్ల మధ్య ఎన్ని రోజులు ఉంటుంది. బరువు తగ్గిన పిల్లకు పౌడర్ డబ్బా కొనిపించడం తల్లిదండ్రులకు తృప్తినిస్తుంది, కానీ అది మెస్ టైమును అరగంట జరిపినంత పని చేయదు. మెస్ టైము జరపడం కష్టమని నాకు తెలుసు, కాంట్రాక్టరుతో మాట్లాడాలి. మాట్లాడండి.

వెంటనే రక్తపరీక్షకు పంపాల్సిన సందర్భాలూ ఉంటాయి: దాహం, రాత్రి పదే పదే మూత్రం, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే ఆ రోజే షుగర్ చూడాలి. అమ్మాయిలకు మూడు నెలలు నెలసరి రాకపోతే ఆటల్లో మామూలే అని వదిలేయకండి.

ఆ క్లబ్‌లో తర్వాతి సీజన్ నుంచి బిల్లెట్ కుటుంబాలకు ఇచ్చే కాగితంలో మూడు ప్రశ్నలు చేర్చారు. రాత్రి పది తర్వాత వంటగదిలోకి వెళ్ళొచ్చా, కుర్రాడికంటూ ఏ అర, ఆ అర ప్రతి వారం ఎవరు నింపుతారు. మొదటిదానికి దాదాపు అన్ని కుటుంబాలూ "ఇది కూడా అడగాలా" అని ఆశ్చర్యపోయాయట. కాగితం మాత్రం కుర్రాడి ముందే చదివి సంతకం పెట్టాలి, అది మేనేజర్ పెట్టిన నిబంధన.